ఫేస్‌లిఫ్ట్ వచ్చేదాకా ఆగాలా?

అంబాసిడర్‌ను ఒక తరం మార్కులతో లెక్కపెట్టింది. మార్క్ టూ, మార్క్ త్రీ, మార్క్ ఫోర్. ఒళ్లు అదే ఉండేది. గ్రిల్ మారేది, లైట్ల చుట్టూ అలంకారం మారేది, లోపల మీటర్ల పలక మారేది. 1950ల చివర మొదలై 2014లో ఆగిపోయిన ఆ కారు నడక మారింది మాత్రం 1990లలో, ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్ వచ్చాక. ఆ ఇంజిన్ కోసం ఆగినవాళ్లకు ఫలితం దక్కింది. కొత్త గ్రిల్ కోసం ఆగినవాళ్లు పాత బండినే ఎక్కువ ధరకు కొన్నారు.

మాజీ సైనికుల కోసం వెలిసిన సైనిక్‌పురిలో ఆ మార్కుల లెక్క తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ల పిల్లలు, మనవలు అడిగేది వేరే కార్ల గురించి. ఆదివారం పొద్దున కేఫ్‌ల ముందు ఆగే బండ్ల దగ్గర నిలబడితే ఈ మాట తప్పకుండా వినపడుతుంది: "ఫేస్‌లిఫ్ట్ వస్తోందంటున్నారు అన్నా, ఆగమంటావా, ఇప్పుడే బుక్ చేసెయ్యమంటావా?" అడిగేవాళ్లలో అందరికీ పోర్షా కొనే స్తోమత ఉండదు. కొందరికి హ్యుందయ్ ఐ20 ఎన్ లైన్ చాలు, కొందరి కన్ను బీఎండబ్ల్యూ ఎం340ఐ మీద ఉంటుంది, కొందరు గోల్ఫ్ జీటీఐ కోసం ఏళ్ల తరబడి చూశారు. రెండు తలుపులుంటేనే స్పోర్ట్స్ కారు అనే పట్టింపు మన ధరల దగ్గర నిలవదు. డ్రైవింగ్ సరదా కోసమే ఎక్కువ డబ్బు పెట్టి కొనే కారు ఏదైనా ఈ వ్యాసంలో స్పోర్ట్స్ కారే.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు సాధారణంగా పుకార్ల మీద ఆధారపడతారు. అది అవసరం లేదని నా నమ్మకం. ఒక తరం నడుమ వచ్చే మార్పులో, అంటే ఫేస్‌లిఫ్ట్‌లో, ఏముంటుందో చాలావరకు ముందే లెక్కగట్టవచ్చు. అది మన దేశానికి వస్తుందా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. దాని జవాబు కారు తయారైన ఊళ్లో దొరకదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చాలామంది అనవసరంగా ఆగుతున్నారు, లేదా ఆగాల్సిన చోట తొందరపడుతున్నారు.

ముందు ఫ్యాక్టరీ వైపు నుంచి చూద్దాం. ఒక కారు తరం సుమారు ఏడేళ్లు నడుస్తుంది. మూడో ఏడాదో నాలుగో ఏడాదో దాటాక అమ్మకాలు నెమ్మదిస్తాయి, పోటీదారు కొత్తది తెస్తాడు. అప్పుడు మార్పు చేయాలి, కానీ ఖర్చు అదుపులో ఉండాలి. తలుపులు, పైకప్పు, పక్క రేకులు ఉక్కు షీటు నుంచి ఒత్తి తీసేవి. వాటి డైలు మార్చాలంటే చాలా ఖర్చు. బంపర్లు ప్లాస్టిక్, మార్చడం తేలిక. లైట్లు, గ్రిల్, వీల్స్, సీటు బట్ట, స్క్రీన్ బయటి సరఫరాదారుల నుంచి వచ్చేవి. అందుకే ప్రపంచంలో ఏ ఫేస్‌లిఫ్ట్ చూసినా ముక్కు, తోక మారతాయి, నడుము మారదు. బీఎండబ్ల్యూ వాళ్లు దీన్ని ఎల్‌సీఐ అంటారు. పోర్షా అభిమానులు తరం సంఖ్య పక్కన చుక్క పెట్టి రెండు చేరుస్తారు: 997.2, 991.2, 992.2.

మన దగ్గరే దీనికి చక్కని ఉదాహరణ ఉంది, స్పోర్ట్స్ కారు కాకపోయినా. పెనుకొండ దగ్గర కియా ప్లాంటులో 2019లో మొదలైన సెల్టోస్‌కు 2023 జూలైలో ఫేస్‌లిఫ్ట్ వచ్చింది. కొత్త లైట్లు, కొత్త స్క్రీన్లు అందరికీ కనపడ్డాయి. బానెట్ కింద జరిగింది ఇంకా పెద్దది. 140 పీఎస్ ఇచ్చే 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ పోయి, 160 పీఎస్ ఇచ్చే 1.5 లీటర్ల టర్బో వచ్చింది. కారణం స్టైలింగ్ విభాగంలో లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 రెండో దశ అమల్లోకి వచ్చింది. ల్యాబ్‌లోనే కాకుండా రోడ్డు మీద నడుస్తున్నప్పుడు కూడా పొగ కొలవాలని ఆ నిబంధన చెప్పింది. ఆ తేదీ ఏళ్ల ముందే అందరికీ తెలుసు. 2021లో సెల్టోస్ కొనబోయేవాళ్లు ఆ ఒక్క తేదీ గుర్తుపెట్టుకుని ఉంటే, పాత ఇంజిన్ 2023 వేసవి చూడదని ఎవరి పుకారూ లేకుండానే ఊహించి ఉండేవాళ్లు.

ఏ స్పోర్ట్స్ కారు విషయంలోనైనా నేను మొదట వెతికేది ఇలాంటి తేదీలనే. ఇక్కడ బీఎస్6 గడువులు, యూరప్‌లో భద్రతా నిబంధనలు. 2024 జూలై నుంచి యూరప్‌లో అమ్మే ప్రతి కొత్త కారూ సైబర్ భద్రత నిబంధనను పాటించాలని వచ్చింది. దాని దెబ్బకు పోర్షా పెట్రోల్ 718 బాక్‌స్టర్, కేమన్ కార్లు అక్కడి మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. లోపలి ఎలక్ట్రానిక్ వ్యవస్థ పాతది, దాన్ని కొత్త నిబంధనకు తగ్గట్టు తిరగరాయడం కంపెనీకి గిట్టుబాటు కాలేదు. ఆ కార్లకు ఇంకో ఫేస్‌లిఫ్ట్ వస్తుందని ఎదురుచూసినవాళ్లు ఈ ఒక్క నిబంధన చదివి ఉంటే చాలు.

911 దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే నడుమ వచ్చే మార్పు ఎంత లోతుగా ఉండవచ్చో దానికన్నా బాగా చెప్పే కారు లేదు. 2008లో వచ్చిన 997.2 బయటికి దాదాపు పాతదే. లోపల ఇంజిన్ పూర్తిగా కొత్తది. సిలిండర్లలోకి నేరుగా ఇంధనం చిమ్మే పద్ధతి వచ్చింది, పాత టిప్‌ట్రానిక్ పోయి రెండు క్లచ్‌ల పీడీకే గేర్‌బాక్స్ వచ్చింది. అంతకుముందు ఇంజిన్లలో యజమానుల్ని భయపెట్టిన మధ్య షాఫ్ట్ బేరింగ్ ఈ కొత్త ఇంజిన్‌లో అసలు లేదు. సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఈ రెండు రకాల 997ల మధ్య తేడా నేటికీ ధరలో కనపడుతుంది. 2015లో వచ్చిన 991.2 దీన్నీ మించింది. మామూలు కరెరాలో దశాబ్దాలుగా ఉన్న టర్బో లేని ఇంజిన్ పోయి, 3 లీటర్ల ట్విన్ టర్బో వచ్చింది. కరెరా బలం 350 నుంచి 370 పీఎస్‌కు, కరెరా ఎస్ బలం 400 నుంచి 420కి పెరిగింది. బలం పెరిగినందుకు సంతోషించినవాళ్లున్నారు, ఇంజిన్ అరుపు మారినందుకు బాధపడినవాళ్లున్నారు. ఇద్దరి మాటా నిజమే. కొత్త తరం రాలేదు, కారు స్వభావం మాత్రం మారిపోయింది.

2024 మే 28న చూపించిన 992.2 కూడా ఈ వరుసలోదే. జీటీఎస్‌లో 3.6 లీటర్ల కొత్త ఇంజిన్, మోటారు సాయంతో తిరిగే ఒకే టర్బో, గేర్‌బాక్స్‌లో ఇంకో మోటారు, 1.9 కిలోవాట్ అవర్ల చిన్న బ్యాటరీ. మొత్తం 541 పీఎస్, పాత జీటీఎస్ కన్నా 61 ఎక్కువ. బరువు దాదాపు 50 కిలోలే పెరిగింది. హైబ్రిడ్ అంటే బరువైన బండి అన్న భయాన్ని ఇది చాలావరకు తీర్చింది. కానీ అదే మార్పులో మీటర్ల పలక మధ్యన ఉండే అసలైన ముల్లు మీటరు పోయి స్క్రీన్ వచ్చింది, తిప్పి స్టార్ట్ చేసే పిడి స్థానంలో బటన్ వచ్చింది. మాన్యువల్ గేర్ కావాలంటే కరెరా టీ వంటి ఒకటి రెండు మోడళ్లకు పరిమితం కావాలి. 2024లో భారత్‌లో ప్రకటించినప్పుడు కరెరా 1.99 కోట్లు, కరెరా 4 జీటీఎస్ 2.75 కోట్లు, రెండూ ఎక్స్‌షోరూమ్ ధరలు. వాటి తేడా 76 లక్షలు. జీటీఎస్ కోసం ఆగినవాళ్లకు ఇంజనీరింగ్ దక్కింది. మామూలు కరెరా కోసం ఆగినవాళ్లకు 385 బదులు 394 పీఎస్, ఒక స్క్రీన్ దక్కాయి. నన్నడిగితే ముల్లు మీటరున్న 992.1 కరెరా దగ్గరే నా మనసు ఆగుతుంది.

911లో జీటీ కార్ల కాలెండర్ వేరు. వాటి ఇంజిన్ వేరు, వాటిని తయారుచేసే విభాగం వేరు. నటుడు నాగచైతన్య 911 జీటీ3 ఆర్ఎస్ తీసుకున్న వార్త 2024 మేలో వచ్చింది. అదే నెలలో 992.2 బయటపడింది. అయినా ఆ కారుకు ఆ మార్పుతో నిమిత్తం లేదు, మారినవి కరెరాలు. తరం ఒకటే అయినా ఏ శాఖ ఎప్పుడు మారుతుందో విడిగా చూసుకోవాలి.

నడుమ వచ్చే మార్పు ఎప్పుడూ మేలుకేనా? ఇక్కడ మన మార్కెట్‌లోని మూడు కార్లు మూడు రకాల జవాబులు చెబుతాయి.

చెన్నై దగ్గరి ప్లాంటులో బిగించే బీఎండబ్ల్యూ ఎం340ఐ 2021 మార్చిలో 62.90 లక్షలకు వచ్చింది, 387 హార్స్‌పవర్‌తో. 2022 డిసెంబర్‌లో వచ్చిన మార్పు చేసిన కారు ధర 69.20 లక్షలు, బలం 374 హార్స్‌పవర్. 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ చేరింది, వంపు తిరిగిన పెద్ద స్క్రీన్ చేరింది, చేతినిండా పట్టుకునే గేర్ లివర్ పోయి చిన్న మీట వచ్చింది. వంద కిలోమీటర్ల వేగం అందుకునే సమయం అలాగే ఉంది, 4.4 సెకన్లు. ఇది చెడిపోయిన కారు అనను. తొక్కగానే వచ్చే స్పందన ఇంకా మెరుగైందని చెప్పేవాళ్ల మాట నమ్ముతాను. కానీ ఎక్కువ బలం వస్తుందని ఆగినవాళ్లకు 13 హార్స్‌పవర్ తగ్గింది.

ఆ నిరీక్షణకు తెలంగాణలో ఎంత ఖర్చయిందో లెక్క వేస్తే ఇంకో సంగతి తేలుతుంది. 2021లో ఆ ధర కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం. 2022 మేలో 20 లక్షలు దాటిన కార్లకు 18 శాతం చేశారు. ఎక్స్‌షోరూమ్ ధర మీద లెక్కిస్తే మొదటి కారుకు 8.80 లక్షల చిల్లర, రెండోదానికి 12.45 లక్షల చిల్లర. ధరలో తేడా 6.30 లక్షలు, పన్నులో తేడా మూడున్నర లక్షలు పైన. ఇన్సూరెన్స్ కలపకుండానే, ఇరవై ఒక్క నెలలు ఆగినందుకు దాదాపు 10 లక్షలు. షోరూమ్‌లో కొత్త హెడ్‌లైట్లు చూపించేవాళ్లు ఈ లెక్క చెప్పరు. చెప్పడం వాళ్ల పని కూడా కాదు. లెక్క మనం వేసుకోవాలి.

రెండో కారు గోల్ఫ్ జీటీఐ. 2019 చివర వచ్చిన ఎనిమిదో తరం గోల్ఫ్‌లో స్టీరింగ్ మీద తాకితే పనిచేసే పలకలు, రాత్రిపూట కనపడని టచ్ పట్టీలు పెట్టి ఫోక్స్‌వ్యాగన్ విమర్శలు మూటగట్టుకుంది. 2024 జనవరిలో చూపించిన ఫేస్‌లిఫ్ట్‌లో ఆ పట్టీలకు వెలుగు పెట్టారు, స్టీరింగ్ మీదికి నొక్కే బటన్లు తిరిగి తెచ్చారు, బలం 245 నుంచి 265 పీఎస్‌కు పెంచారు. అదే సమయంలో మాన్యువల్ గేర్‌బాక్స్ తీసేశారు. 2025 మేలో 53 లక్షలకు భారత్ వచ్చింది ఈ మార్పు చేసిన కారే. అసలు మన దేశానికి ఆ తరం తొలి రూపం రానే లేదు. ఆ లోపాలున్న కారు తప్పిపోవడం మనకు కలిసొచ్చింది. కార్లు ఆలస్యంగా వచ్చే మార్కెట్‌కు ఉండే లాభం ఇదొక్కటే కావచ్చు, కానీ చిన్న లాభం కాదు.

మూడోది చాలామంది పట్టించుకోనిది, నాకు అన్నిటికన్నా నచ్చినది. హ్యుందయ్ ఐ20 ఎన్ లైన్ 2021 సెప్టెంబర్‌లో వచ్చినప్పుడు క్లచ్ పెడల్ లేని ఐఎంటీ గేర్‌బాక్స్‌తోనో, డీసీటీ ఆటోమేటిక్‌తోనో దొరికేది. స్పోర్ట్స్ అని పేరు పెట్టి ఎడమ కాలికి పని లేకుండా చేశారని డ్రైవింగ్ ఇష్టపడేవాళ్లు నొచ్చుకున్నారు. 2023 సెప్టెంబర్‌లో ఫేస్‌లిఫ్ట్‌తో అసలైన ఆరు గేర్ల మాన్యువల్ వచ్చింది, 9.99 లక్షల ఎక్స్‌షోరూమ్ ధర నుంచి. బలం మారలేదు, 120 పీఎస్. మారింది ఒక్క పెడల్, దాంతో కారు నడిపే తీరే మారింది. ఒక మధ్యతరగతి కుర్రాడు రెండేళ్లు ఆగి దీన్ని కొన్నాడంటే, రెండు కోట్ల కారు కోసం ఆగినవాళ్లకన్నా అతని నిరీక్షణే విలువైనదని నిస్సంకోచంగా చెబుతాను.

ఇక రెండో ప్రశ్న. మార్పు వచ్చింది సరే, అది ఇక్కడికి వస్తుందా? దీనికి మస్టాంగ్ కథ చదవాలి.

ఫోర్డ్ మస్టాంగ్ అర్ధశతాబ్దం పాటు ఫ్యాక్టరీ నుంచి కుడివైపు స్టీరింగ్‌తో రాలేదు. ఆరో తరంతో ఆ కొరత తీరింది. 2016 జూలైలో అది భారత్‌కు వచ్చింది, 5 లీటర్ల వీ8, మన ఇంధనానికి తగ్గట్టు తగ్గించిన 401 పీఎస్, ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ 65 లక్షలు. తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అన్నయ్య నడిపే బండి ఇక్కడ షోరూమ్‌లో కనపడటం చాలామందికి కల నెరవేరినట్టయింది. ఆర్నెల్లు తిరిగేసరికి, 2017 జనవరిలో ఫోర్డ్ అమెరికాలో మార్పు చేసిన మస్టాంగ్‌ను చూపించింది. ఆరు గేర్ల ఆటోమేటిక్ పోయి పది గేర్లది, 435 నుంచి 460 హార్స్‌పవర్, కావాలంటే డిజిటల్ మీటర్లు. అప్పుడు ఇక్కడ మొదలైంది నిరీక్షణ. వచ్చే ఏడాది వస్తుందన్నారు, ఆ పై ఏడాది వస్తుందన్నారు.

2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చింది. పాత మస్టాంగ్ అమ్మకం ఆగింది, కొత్తది రాలేదు. 2021 సెప్టెంబర్ 9న ఫోర్డ్ భారత్‌లో తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. మస్టాంగ్‌ను, మస్టాంగ్ మాక్-ఈని దిగుమతి చేసి అమ్ముతామని అదే ప్రకటనలో చెప్పింది. 2022లో అమెరికాలో ఏడో తరం మస్టాంగ్ బయటపడింది. ఇక్కడి షోరూమ్‌లకు ఆ ఫేస్‌లిఫ్ట్ చేరకుండానే ఒక తరం ముగిసిపోయింది. 2017లో చేతిలో డబ్బుండి, ఫేస్‌లిఫ్ట్ కోసం ఆగినవాళ్లకు మస్టాంగ్ లేకుండా పోయింది. ఇంజిన్ గురించి వాళ్ల అంచనాలన్నీ నిజమయ్యాయి. తప్పిందల్లా రాక గురించి వేసుకున్న అంచనా. అమెరికా ఫ్యాక్టరీ వైపు చూసినంత శ్రద్ధగా ఇక్కడి బీఎస్6 గడువునూ, కంపెనీ ఇక్కడ నష్టాల్లో ఉందన్న వార్తలనూ చూడాల్సింది.

మన దగ్గరికి ఏ కారు వస్తుందో తేల్చే నిబంధన మరొకటుంది. ఒక కంపెనీ ఏడాదికి 2,500 కార్లను, మళ్లీ ఇక్కడ హోమోలోగేషన్ (అమ్మకానికి అర్హత) పరీక్షలు చేయించకుండానే, కుడివైపు స్టీరింగ్‌తో దిగుమతి చేసుకోవచ్చు. గోల్ఫ్ జీటీఐ తొలి విడత 150, 2025 అక్టోబర్‌లో 49.99 లక్షలకు వచ్చిన ఆక్టేవియా ఆర్ఎస్ 100, అంతకుముందు 2020లో వచ్చిన ఆర్ఎస్245 కార్లు 200. సంఖ్యలు ఇంత చిన్నగా ఉండటం వల్ల కొనేవాళ్ల లెక్క మారిపోతుంది. ఇలాంటి కారు విషయంలో 'ఫేస్‌లిఫ్ట్ దాకా ఆగుదాం' అనుకుంటే, ఆగినంతసేపట్లో ఉన్నవి అయిపోతాయి. తర్వాతి విడత ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో కంపెనీ చెప్పదు. ఆక్టేవియా ఆర్ఎస్ మళ్లీ రావడానికి ఐదేళ్లు పట్టింది. కాబట్టి వందల్లో వచ్చే దిగుమతి కారు నచ్చితే, బుకింగ్ తెరిచిన రోజే నిర్ణయించుకోవాలి. ఇక్కడే బిగించే కారైతే ఆగడానికి తావుంది, ఎందుకంటే ప్లాంటులో లైను ఉంటే మార్పు కూడా ఆ లైనుకు వస్తుంది. ఎం340ఐకి మార్పు వచ్చింది అందుకే.

బీఎండబ్ల్యూ ఎం2 మధ్యేమార్గం. పూర్తిగా దిగుమతి అయ్యేదే, అయినా ఇక్కడ క్రమం తప్పకుండా వస్తుంది. 2023 మేలో 98 లక్షలకు 460 హార్స్‌పవర్‌తో వచ్చింది. 2024 నవంబర్‌లో 1.03 కోట్లకు 480తో వచ్చింది. ఏడాదిన్నరలో 20 హార్స్‌పవర్, 5 లక్షలు. ముందు కొన్నవాళ్లు బాధపడాల్సినంత తేడా కాదు, ఆగినవాళ్లు గొప్పగా చెప్పుకోవాల్సినంతా కాదు.

పుకార్లను ఎలా తూచాలో కూడా చెప్పాలి. నలుపు తెలుపు చారల స్టిక్కర్లు చుట్టిన పరీక్ష కార్ల ఫొటోలు చూసి జనం డిజైన్ గురించి వాదించుకుంటారు. నేను చూసేది ఎక్కడ చుట్టారన్నది. ముందు బంపర్, వెనుక బంపర్, లైట్లకే కప్పి తలుపులు వదిలేస్తే అది ముఖం మార్పు. ఒళ్లంతా కప్పితే కొత్త తరం. కారు వెనుక గొట్టాలతో ఒక పెట్టె కట్టి తిప్పుతుంటే రోడ్డు మీద పొగ కొలుస్తున్నారని అర్థం, ఇంజిన్‌లోనో దాని ట్యూనింగ్‌లోనో ఏదో మారుతోంది. ఆ ఫొటోలో అన్నిటికన్నా విలువైన సమాచారం ఆ పెట్టే. ఇంకో సంగతి: 2,500 నిబంధన కింద వచ్చే కార్లకు ఇక్కడ పరీక్షలు అక్కర్లేదు. అందుకని మన రోడ్ల మీద స్టిక్కర్లు చుట్టిన కారు కనపడలేదు కాబట్టి అది రాదు అనుకోకూడదు. ఇక్కడ తయారయ్యే కార్లకే ఆ తర్కం పనిచేస్తుంది.

హైదరాబాద్ ఒక నడుమ మార్పును రేసు రూపంలో చేజార్చుకుంది, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల ట్రాక్ మీద ఫార్ములా ఈ రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. సచివాలయం పక్కన, నెక్లెస్ రోడ్డు మీద మన కళ్ల ముందు పరిగెత్తినవి జెన్3 కార్లు, అప్పటికి కొత్తవి. 2024 ఫిబ్రవరి రేసు ఆ జనవరిలోనే రద్దయింది. ఆ ఏప్రిల్‌లో మొనాకోలో అదే కారుకు జెన్3 ఇవో పేరుతో మార్పు చేసి చూపించారు. పాత చట్రమే, కానీ రేసు ఆరంభంలో, అటాక్ మోడ్ అనే అదనపు బలం దశలో నాలుగు చక్రాలకూ బలం అందుతుంది, గంటకు వంద కిలోమీటర్ల వేగం 1.86 సెకన్లలో. కారు నడుమ మార్పు అంటే ఏమిటో దీనికన్నా శుద్ధమైన ఉదాహరణ దొరకదు. అలంకారం కోసం మార్చినది తక్కువ, పరుగు కోసం మార్చినదే ఎక్కువ. మన ఊరి వాళ్లు తొలి రూపాన్ని చూశారు, మెరుగైనదాన్ని చూడలేకపోయారు. రేసు రద్దు వెనుక రాజకీయాల గురించి చాలా చర్చ జరిగింది. కార్లను ప్రేమించేవాళ్లకు మాత్రం అది ఒక తరం సగంలో తెగిపోయిన అనుభవం.

రోడ్డు సంగతి మర్చిపోతే ఈ వ్యాసం అసంపూర్ణమే. సైనిక్‌పురి నుంచి ఈసీఐఎల్ మీదుగా కీసర వైపు వెళితే అవుటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద 2023లో గరిష్ఠ వేగం 120కి పెంచారు. అదే చట్టబద్ధమైన హద్దు. 374 హార్స్‌పవర్‌కూ 387కూ తేడా ఆ హద్దులో తెలియదు. తెలిసేది బ్రేకులు, స్టీరింగ్ బరువు, సీటు, గతుకుల మీద సస్పెన్షన్. ఇంటి నుంచి ఆ రింగ్ రోడ్డు ఎక్కేదాకా తగిలే స్పీడ్ బ్రేకర్ల దగ్గర 911 కొన్నవాళ్లకు ముక్కును 40 మిల్లీమీటర్లు పైకెత్తే లిఫ్ట్ ఉంటే, అది ఏ కొత్త స్క్రీన్ కన్నా ముఖ్యం. ఫేస్‌లిఫ్ట్‌లో గ్రౌండ్ క్లియరెన్స్ దాదాపు ఎప్పుడూ మారదు. కొత్త ముందు బంపర్ పెదవి ఇంకాస్త కిందికి దిగిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే మార్పు చేసిన కారు కోసం ఆగినవాళ్లు కూడా, పాత కారును తమ వీధిలో, తమ గేటు ర్యాంపు మీద ఒకసారి నడిపి చూడాలి. కింద తగిలితే కొత్తదీ తగులుతుంది.

ఫేస్‌లిఫ్ట్ వచ్చిన వారం నుంచి పాత రూపం ధర దిగుతుంది. స్పోర్ట్స్ కార్లలో ఇది కొన్నిసార్లు కొనేవాళ్లకు మంచి అవకాశం, ముఖ్యంగా కొత్తదాంట్లో మాన్యువల్ గేరో, ముల్లు మీటరో, గేర్ లివరో పోయినప్పుడు. అలాంటి పాత రూపాలు మొదట దిగి, తర్వాత నిలబడతాయి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కారు ముఖం చూసి వయసు నమ్మకూడదు. కొత్త రూపం బంపర్లు, లైట్లు పాత బండికి బిగించే పనివాళ్లు మన నగరంలో ఉన్నారు. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం చూడాలి. 2024 మార్చి తర్వాత రిజిస్టరైన బండికి టీజీ నంబరు ఉంటుంది, అయితే రిజిస్ట్రేషన్ తేదీ, తయారైన తేదీ ఒకటే కానక్కర్లేదు. అమ్ముడుపోని పాత రూపం స్టాకు నెలల తర్వాత రిజిస్టర్ అవుతుంది.

పన్నుల గడువులు ఇప్పుడు మోడల్ గడువులను మించిపోయాయి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారి, పెద్ద కార్ల మీద సెస్ పోయి 40 శాతం అయింది. ఆ ఒక్క రోజు మార్పు చాలా ఫేస్‌లిఫ్టుల కన్నా కొనేవాళ్లకు ఎక్కువ మేలు చేసింది. మరోవైపు తెలంగాణ లైఫ్ ట్యాక్స్ పెద్ద కార్లకు 2025లో మళ్లీ పెరిగింది. ఎలక్ట్రిక్ కార్లకు 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. 2025 జూలైలో 74.99 లక్షలకు వచ్చిన ఎంజీ సైబర్‌స్టర్ అనే 510 పీఎస్ ఎలక్ట్రిక్ రోడ్‌స్టర్‌ను ఈ మినహాయింపు కింద కొన్నవాళ్లకు, పెంపుకు ముందున్న 18 శాతం లెక్కన పెట్రోల్ కారైతే పడే 13 లక్షల పైచిలుకు పన్ను మిగిలింది. దానికి రాబోయే మార్పులో ఏ బ్యాటరీ వచ్చినా, ఆ మినహాయింపు గడువు దాటాక కొంటే ఈ మిగులు ఉండదు.

బ్రిటిష్ కార్ల కోసం చూసేవాళ్లది ఇంకో లెక్క. 40,000 డాలర్లు దాటిన దిగుమతి కారు మీద సుంకం నూరు శాతానికి పైనే ఉంటూ వచ్చింది. 2025 జూలై 24న భారత్, బ్రిటన్ సంతకాలు చేసిన వాణిజ్య ఒప్పందం దాన్ని కోటా పరిమితిలో, ఏళ్ల క్రమంలో 10 శాతానికి దించుతుంది. ఆస్టన్ మార్టిన్‌కో, లోటస్‌కో ఇది వర్తించే తీరు కోటాలో ఏ కంపెనీకి ఎన్ని, ఏ ఏడాది ఎంత శాతం అన్నదాని మీద ఉంటుంది. అంతటి తేడా ముందు కొత్త లైట్లూ కొత్త స్క్రీనూ లెక్కలోకి రావు. వాంటేజ్ కోసమో ఎమీరా కోసమో డబ్బు పక్కన పెట్టుకున్నవాళ్లు కంపెనీ ప్రకటనల కన్నా ముందు కస్టమ్స్ నోటిఫికేషన్ చదవాలి.